వేసవిలో ఆడిన గుస్సాడి

ఆ కొండల్లోకి ఇప్పుడు మీరు టికెట్టు కొనుక్కుని పోతున్నారు. జీపెక్కి తిరుగుతారు, దుప్పులను చూస్తారు, వాగు ఒడ్డున ఫొటోలు దిగుతారు, పొద్దుగూకే ముందు బంగళా అరుగు మీద కూర్చుని గోండుల ఆట చూస్తారు. పోండి, తప్పేం లేదు. మొన్న మా అన్న మనవరాలు కూడా పోయివచ్చి, "తాతా, నువ్వు గక్కడనే నౌకరి చేసినవట గదా, ఎంత నసీబు నీది" అన్నది. ఆ పిల్లను బెల్లం ఛాయ్ ఆరిపోతుంది తాగమన్నాను.

ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా అడవి కొలువులో చేరినవాళ్ళు ఎవరైనా చదివితే మంచిదే. నా ఘనకార్యాలేవీ ఇందులో లేవు. ఉన్నది ఒకే తప్పు, దాన్నే రెండుసార్లు చేశాను.

మాది జమ్మికుంట పక్కన పల్లె. బాపు పత్తి బండ్లు తోలేవాడు. నిజాం రాజ్యం పోయిన రెండు మూడేళ్ళకు, ఉర్దూలో నాలుగు ముక్కలు చదివిన పుణ్యాన నాకు అడవి శాఖలో గార్డు కొలువు దొరికింది. ఆ శాఖను అప్పట్లో జనం జంగ్లాత్ అనేవాళ్ళు, మమ్మల్ని చూస్తే కట్టెల మోపు కిందపడేసి ఉరికేవాళ్ళు. పదేళ్ళు కరీంనగర్ వైపే తిరిగాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయ్యాక నన్ను ఫారెస్టరును చేసి ఆదిలాబాద్ కొండల్లోకి పంపారు. ఆ పదవి ఇంకా ఖాయం కాలేదు, పైవాళ్ళు మంచి మాట రాస్తేనే ఖాయమవుతుంది. ఈ సంగతి జరిగిన వేసవికి ఇంటి దగ్గర భార్య కడుపుతో ఉంది.

బోథ్ దాటాక బస్సు ఆగిపోయే చోటు నుంచి పన్నెండు మైళ్ళు నడిస్తే ఆ గూడెం వస్తుంది. మూడు దిక్కులా కొండలు, నాలుగో దిక్కున ఎండాకాలం కూడా ఎండని వాగు. ఇరవై పైచిలుకు ఇండ్లు, అందరూ గోండులే. ఊరికి పెద్ద ఒక ముసలి పటేలు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. నేను మొదటిసారి పోయిన రోజు వడదెబ్బ తగిలి వాళ్ళ పందిట్లో పడిపోతే, ఆయన భార్య అంబలి తాగించి, తడిగుడ్డ కప్పి, మూడు రోజులు కన్నబిడ్డను చూసినట్టు చూసింది. నేను ఆమెను అవ్వా అనేవాణ్ణి. ఊరివాళ్ళు మాత్రం నన్ను చివరిదాకా జంగ్లాత్ సాబ్ అనే పిలిచారు.

ఆ గూడానికి కాగితాల్లో పేరు లేదు. దున్నుకుంటున్న భూమికి పట్టా లేదు. ఎన్ని తరాల నుంచి ఉన్నారో అడిగితే పటేలు చేయి తిప్పి కొండలను చూపించేవాడు. అది ఏ దస్తావేజులోకీ ఎక్కదు కదా.

మా రేంజరు సాబ్ కరీంనగర్ పట్నం మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఒక పొద్దున నన్ను పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటేనే ఏదో మునిగిందని మాకు తెలుసు.

"చూడు భాయ్, ఉగాది వెళ్ళినంక హైదరాబాదు నుంచి పెద్ద సాబ్ వస్తుండు. ఆయన బీవీ, ఢిల్లీ నుంచి ఒక మెహమాన్ గూడ వస్తున్నరు. గీ కొండలన్నీ పార్కు చేస్తరట. జనం వచ్చి జానవర్లను చూడాలె, గోండుల ఆట చూడాలె. గా గూడెం లోపల ఉండాల్నా, తీసెయ్యాల్నా అన్నది పెద్ద సాబే రాస్తడు."

"తీసేస్తే వాళ్ళెక్కడికి పోతరు సాబ్?"

"గందుకే నిన్ను పిలిచిన. ఆయన దిల్ ఖుషీ అయితే ఉండనిస్తడు. నువ్వు పొయి వాళ్ళతోని గా నెమలి ఈకల ఆట ఆడిపియ్యి. రిపోర్టు గూడ నువ్వే రాయి, ఊరు ఉండాలని రాయి. నేను దస్తఖత్ పెడ్త."

ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. సైకిలు కొండ కింద పెట్టి, ఎక్కుతూ దిగుతూ నడిచి గూడేనికి పోయాను.

ఆ నెమలి ఈకల ఆట గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. దీపావళికి ముందు రోజుల్లో గోండు మగవాళ్ళు కొందరు ఒళ్ళంతా బూడిద పూసుకుని, తలకు నెమలి ఈకల పెద్ద టోపీ పెట్టుకుని, భుజాన తోలు వేసుకుని, చేత కర్ర పట్టి గుస్సాడి అవుతారు. ఆ రోజుల్లో వాళ్ళు మనుషులు కారు, దేవుడే. ఊరూరా పోయి ఆడతారు. పండుగ మర్నాడు తమ ఊరికి తిరిగివచ్చి, పొలిమేరలో ఉన్న ఇప్పచెట్టు కింద పూజ చేసి, వేషం దించి స్నానం చేస్తారు. అంతటితో దేవుణ్ణి సాగనంపినట్టు. మళ్ళీ ఏడాది దాకా ఆ టోపీ అటక దిగదు. ఇదంతా నాకూ తెలుసు. అయినా అడిగాను.

పటేలు తల అడ్డంగా ఊపాడు.

"దేవుణ్ణి సాగదోలినం సాబ్. మళ్ళ దీపాల పండుగకే వస్తడు. నడుమ పిలువద్దు."

"పిలవకు పటేలా, ఉత్త ఆటే ఆడున్రి. చూసేటోళ్ళకు ఏం తెలుస్తది?"

"వాళ్ళకు తెల్వది. ఆయనకు తెలుస్తది గద."

నేను ఊరుకోలేదు. పార్కు సంగతి, పెద్ద సాబ్ సంగతి, ఊరు తీసేసే సంగతి అన్నీ చెప్పాను. ఆ వచ్చేవాళ్ళకు పులి కూడా కనిపించాలని చెబితే పటేలు మొదటిసారి నవ్వాడు.

"పులి పిలిస్తే రాదు, దేవుడు పిలిస్తే వస్తడు. రెండింటిని ఒక్క దినంల చూస్తమంటే ఎట్ల సాబ్?"

తర్వాత నవ్వు ఆపి అడిగాడు. "ఆడితే ఊరు ఉంటదా?"

"ఉంటది."

"మాట ఎవలిస్తున్నరు? నువ్వా, సర్కారా?"

"నేనే ఇస్తున్న పటేలా."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా సంగతి. ఖాయం కాని ఫారెస్టరును, సర్కారు తరఫున ఊరికి ఊరునే రాసిచ్చేశాను. అబద్ధం చెబుతున్నానని మాత్రం నాకు ఆ క్షణంలో తోచలేదు. నిజమనే నమ్మాను. నమ్మి చెప్పాను గనకే వాళ్ళూ నమ్మారు.

రెండు రోజులు ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. గోండీలో మాట్లాడుకున్నారు, నాకు ముక్క అర్థం కాలేదు. చివరికి పటేలు వచ్చి తానొక్కడే వేషం కడతానన్నాడు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. పడుచువాళ్ళెవరినైనా కట్టమనరాదా అన్నాను.

"పడుచోళ్ళకు ముందు పెండ్లిండ్లు కావాలె, పిల్లలు కావాలె. తప్పు తగిలితే నాకు తగలాలె" అన్నాడు.

నేను రిపోర్టు రాసి, రేంజరు సాబ్ దస్తఖత్ పెట్టించి పైకి పంపాను. పెద్దసాబ్ వచ్చే రోజు దాకా మాకు నిద్రలేదు. జీపు దారిలో రాళ్ళు ఏరించాం, నీటి మడుగు పక్కన ఉప్పు పోయించాం, జంతువులు రావాలని గార్డులు మొక్కని దేవుడు లేడు. తీరా ఆ రోజు తెల్లవారి మడుగు దగ్గర రెండు గంటలు కూర్చుంటే వచ్చినవి నాలుగు అడవిపందులు, ఒక కోతుల మంద. ఢిల్లీ అతిథి కెమెరా మెడలో వేసుకుని ఆవులించాడు. రేంజరు సాబ్ ముఖాన నెత్తురు చుక్క లేదు. పెద్దసాబ్ భార్య ఒక్కతే చల్లగాలికి, మోదుగు పూలకు సంతోషపడింది. పాపం, ఆమె ప్రతి చెట్టు పేరూ నన్ను అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంది.

అక్కడి నుంచి గూడేనికి వచ్చారు. డప్పులు మోగాయి, సన్నాయి లాంటి వాళ్ళ బూర పలికింది, పటేలు పాకలో నుంచి బయటికొచ్చాడు.

నేను ఆ కొండల్లో ఐదారు దీపావళులు చూశాను. అటువంటి ఆట మళ్ళీ చూడలేదు. మోకాళ్ళు పట్టేసిన మనిషి, కర్ర ఊతగా నడిచే మనిషి, నెత్తిన అంత పెద్ద టోపీతో దుమ్ము లేపాడు. చుట్టూ నిలబడ్డ ఊరివాళ్ళు మాత్రం పండుగ రోజుల్లో లాగ కేకలు వేయలేదు, నవ్వలేదు. ఆడవాళ్ళు ముఖం తిప్పుకుని నిలబడ్డారు. అవ్వ ఇంట్లో నుంచి బయటికే రాలేదు. చూడడానికి వచ్చినవాళ్ళు అదే పద్ధతి అనుకున్నారు. ఎండ సరిగ్గా పడలేదని అతిథి మళ్ళీ ఆడమన్నాడు. పటేలు మళ్ళీ ఆడాడు. మూడోసారి కూడా ఆడాడు.

ఆట అయ్యాక అందరికీ భోజనాలు పెట్టించాం. పటేలు ఒక్కడే పశువుల కొట్టం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద బూడిద చెమటకు చారలు కట్టింది. దగ్గరికి పోయి, "అయిపోయింది పటేలా, వాగుల మునిగి వచ్చి బువ్వ తిను" అన్నాను.

"నీళ్ళు ముట్టరాదు సాబ్. సాగదోలే దాంక ముట్టరాదు."

"ఎప్పుడు సాగదోలుతవు?"

"దీపాల పండుగ తెల్లారి. గా ఒక్కదినమే సాగదోలుతం. ఇంకో దినం లేదు."

చైత్రం ఇంకా సగం కాలేదు. దీపావళి అంటే ఏడు నెలలు. అన్ని నెలలు స్నానం లేకుండా, ఇంట్లో అడుగు పెట్టకుండా, ఆ బూడిదతోనే ఉండాలి. ఇప్పుడే ఏదైనా పూజ చేసి దించేయరాదా అని అడిగాను.

"ఎండకాలం ఎవ్వలు కట్టలే గద సాబ్, గందుకే దించే నియమం లేదు. ఉన్న నియమమే పట్టాలె" అన్నాడు. ఆ తర్వాత కొంచెం నవ్వి, "ఊరుంటది గద, ఫికర్ లేదు" అన్నాడు.

ముందే తెలిస్తే అడిగేవాణ్ణి కాదని మీకు చెప్పాలని ఉంది. చెబితే నమ్మకండి. అప్పుడు నాకు ఊరు నిలబెట్టిన మొనగాడినన్న గర్వం తలకెక్కి ఉంది.

ఆ గర్వం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. జీపెక్కుతూ పెద్దసాబ్ నా భుజం తట్టాడు. "రిపోర్టు రాసింది నువ్వేనటగా, చదివానయ్యా. బాగా రాశావు. ఎండని నీరు, వంద గజాల దూరం దాకా వచ్చే దుప్పులు, ఇంత ప్రశాంతమైన చోటు ఈ కొండల్లో ఇంకొకటి లేదని రాశావు కదా, అక్షరాలా నిజం. బంగళా ఇక్కడే కట్టాలి. ఇంత మంచి చోట మధ్యలో ఈ గుడిసెలెందుకు? వాళ్ళకు రోడ్డు పక్కన జాగా చూపిద్దాం. ఆటకు కావాలంటే అక్కడి నుంచి వస్తారు."

ఊరిని పొగిడితే ఊరు ఉంటుందనుకుని రాశాను. ఊరివాళ్ళు కాపాడుకున్నారు గనకే అక్కడ నీళ్ళూ, దుప్పులూ ఉన్నాయని రెండు పేజీలు రాశాను. ఆయన నీళ్ళనూ దుప్పులనూ ఉంచుకుని ఊరిని తీసేశాడు. నేను ఒక్క మాటైనా అనవలసింది. చేతులు కట్టుకుని "జీ సాబ్" అన్నాను. ఆ "జీ సాబ్" ఈ ముసలితనంలో కూడా నా చెవుల్లో వినబడుతుంది.

వానలకు ముందు కాగితం వచ్చింది. దాన్ని ఊరి నడుమ నిలబడి చదవవలసినవాణ్ణి నేనే. చదివాను. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఏడవలేదు. తిడితే కొంత బరువు తగ్గేది. వారం రోజుల్లో బండ్లు కట్టారు. పటేలు బూడిద ఒంటితోనే అన్ని బండ్ల వెనక నడిచాడు, టోపీ ఉన్న వెదురు బుట్ట తన నెత్తిన తానే మోసుకున్నాడు. రోడ్డు పక్కన వాళ్ళకు ఇచ్చింది గులకరాళ్ళ నేల. ఆ ఏడు జొన్న మొలిచింది గాని వెన్ను వేయలేదు.

గూడెం దారికి అడ్డంగా కర్ర వేసి గేటు పెట్టారు. దాని పక్కన గుడిసె వేసి నన్ను కాపలా ఉంచారు. లోపల బంగళాకు పునాదులు తవ్వుతున్నారు. లోపలికి ఒక్కరిని కూడా, ముఖ్యంగా పాత ఊరివాళ్ళను, పోనివ్వరాదని రాతపూర్వకంగా హుకుం.

దీపావళి మర్నాడు పొద్దున ఏడెనిమిది గంటల వేళ వాళ్ళు వచ్చారు. పటేలు, అవ్వ, నలుగురు మగవాళ్ళు. ఒకరి చేతిలో కోడి, ఒకరి దగ్గర డప్పు. పటేలును చూసి నేను గుర్తుపట్టలేకపోయాను. జుట్టు జడలు కట్టింది, ఒళ్ళు పుండ్లు పడింది. వానాకాలమంతా చెట్టు కింద పడుకున్నాడట.

"రామ్ రామ్ సాబ్. ఇప్పచెట్టు కాడికి పొయి వస్తం. దేవుణ్ణి సాగదోలి, వాగుల మునిగి, పొద్దు తిరుగకముందే మళ్ళుతం."

రేంజరు సాబ్ కూడా అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నానికి పెద్దసాబ్ పునాదులు చూడడానికి వస్తాడని కబురు ఉంది. ఆయన పటేలును ఒకసారి చూశాడు, తల తిప్పుకున్నాడు, నన్ను పక్కకు పిలిచాడు.

"భాయ్, నేను నాష్టాకు పోతున్న. రెండు గంటలైతది. గేటు కాడ నువ్వున్నవ్. నేనేం చూడలే, నాకేం తెల్వదు."

ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. ఆయన చేయగలిగింది చేసి సైకిలెక్కి పోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ రోజు ఆ పూజారిని నేను. ఒక్క కర్ర పైకెత్తితే సరిపోయేది. పెద్దసాబ్ తొందరగా వస్తే? పునాదుల దగ్గరి కూలీలు చెబితే? ఖాయం చేసే కాగితం ఆ నెలలోనే పైన కదులుతుంది. ఇంట్లో నాలుగు నెలల పసిబిడ్డ. ఇవన్నీ లెక్కేసుకుంటూ కర్ర మీద చేయి పెట్టి నిలబడ్డాను. ఆ చేయి లేవలేదు.

"ఇయ్యాల వద్దు పటేలా. పెద్దసాబ్ వస్తుండు. ఎల్లుండి రా, నేనే తోల్కపోత."

"ఎల్లుండి పనికిరాదు సాబ్. ఇయ్యాలనే."

"హుకుం లేదు పటేలా."

ఆయన బతిమాలలేదు. కర్ర అవతలి దారిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఒక్కటడుగుత చెప్పు సాబ్. ఆడితే ఊరుంటదని మాటిచ్చినవు గద. గది అబద్దమని నీకు గప్పుడే ఎరికేనా?"

"లేదు పటేలా. నిజమనే అనుకున్న."

"గట్లయితే మంచిదే. నాకు గదొక్కటే పరేషాన్ ఉండె" అని వెనక్కి తిరిగాడు. వాళ్ళు ఆరుగురూ వచ్చిన దారినే పోయారు, కోడి మధ్యమధ్య అరుస్తూనే ఉంది.

పెద్దసాబ్ ఆ రోజు రాలేదు. జీపు చెడిపోయిందని సాయంత్రం కబురు వచ్చింది.

నా కొలువు ఖాయమైంది. కాగితం అందిన రోజు రేంజరు సాబ్ నా చేతిలో పెట్టి ముబారక్ అనబోయి, అనకుండానే లోపలికి పోయాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఢిల్లీ అతిథి తీసిన ఫొటో, పటేలు ఆడుతున్నది, యాత్రికులకు పంచే కాగితం మీద అచ్చయింది. ఆ కట్టలు గేటు దగ్గర నా చేతుల మీదుగానే పంచాను.

మరుసటి ఏడు దీపావళి నాటికి ఏదైనా సరే కర్ర ఎత్తాలని గట్టిగా అనుకున్నాను. మాఘంలోనే పటేలు పోయాడు. నాకు పది రోజుల తర్వాత తెలిసింది. రోడ్డు పక్కన వాళ్ళ కొత్త ఊరికి పోయాను. అవ్వ వాకిట్లో ఎండు ఇప్పపువ్వు గంప ముందు కూర్చుని ఉంది. లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగలేక చెంబు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"పోయినంక గూడ నీళ్ళు పొయ్యలే సాబ్" అన్నది. "పొయ్యద్దని చెప్పి పోయిండు. బూడిదతోనే మట్టిల పెట్టినం. దేవుడు ఇంక ఆయన మీదనే ఉన్నడు, యాడికి పోతడు."

"అవ్వా, ఇప్పుడు నేను ఏమన్న చెయ్యగలిగితే చెప్పు. ఏదైనా చేస్త" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె నన్ను కోపంగా చూడలేదు. మూడు రోజులు తడిగుడ్డ కప్పిన నాటి చూపే అది.

"ఏం చెయ్యలేవు బిడ్డా, నాకు ఎరికే. గా దినం గేటు కాడికి పోతనంటే నేను గదే చెప్పిన, వద్దు, ఆ సాబ్ తోని కాదు అన్న. ఆయన ఇనలే. జంగ్లాత్ సాబ్ మంచోడు, మనను చూస్తే తనే కర్ర లేపుతడు అన్నడు."

ఆ చెంబు నీళ్ళు తాగకుండానే కింద పెట్టి వచ్చేశాను. మళ్ళీ ఆ ఊరికి పోలేదు.